వెలుగులోని హెచ్చుతగ్గులు

అమావాస్యనాటి రాత్రి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని ఏ పల్లెకు వెలుపల నిలిచి చూచినను ఆకాశము చుక్కలతో నిండి కనబడును. సప్తర్షి మండలమును, గొఱ్ఱుకొయ్యలను, పిల్లలకోడిని పెద్దలు పిల్లలకు చూపుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఈ చుక్కలు నిన్న ఉన్నట్లే నేడును ఉన్నవి. తాతలు చూచినట్లే మనుమలును చూచుచున్నారు. అందుచేత ఆకాశము మార్పులేనిదని మనుష్యులు చిరకాలము నమ్మిరి.

ఆ నమ్మకము నిలువలేదు. కొన్ని నక్షత్రముల వెలుగు పెరుగుచు, తరుగుచు ఉండునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అట్టివానిని చరతారలందురు. అంతకంటె వింతయైన సంగతి మఱియొకటి కలదు. కోట్లకొలది నక్షత్రములు గల మహాసముదాయముల నడుమనుండి వచ్చు వెలుగుసైతము కొన్నిచోట్ల దినదినమునకు, ఒక్కొక్కప్పుడు గంటగంటకు మారుచుండును. ఆ మార్పును కొలిచియే మనుష్యుడు, ఎంత పెద్ద దూరదర్శినితో చూచినను చుక్కగా మాత్రమే కనబడు వస్తువుల పరిమాణమును తెలిసికొనగలిగెను. అది ఎట్లు సాధ్యమయ్యెనో ఈ పాఠమున తెలిసికొందము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. నక్షత్రములు మిణుకుమిణుకుమనుట మనము ప్రతిదినము చూచుచున్నాము. అది నక్షత్రములలోని మార్పు కాదు. భూమిని ఆవరించియున్న గాలి కదలుచుండుటచేత వెలుగు చలించి అట్లు తోచును. మనము చెప్పుకొనబోవు హెచ్చుతగ్గులు గాలి వలన కలిగినవి కావు. అవి ఆ వస్తువులందే పుట్టినవి.

మన సూర్యుడు పాలపుంత అను నక్షత్ర సముదాయములో ఒకడు. ఇట్టి సముదాయమునకు గెలాక్సీ అని పేరు. పాలపుంత ఈ కొననుండి ఆ కొనకు వెలుగు ప్రయాణము చేయుటకు సుమారు లక్ష సంవత్సరములు పట్టును. వెలుగు సెకనునకు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో పోవునని మీరెరుగుదురు. అది ఒక సంవత్సరములో పోవు దూరమునకు కాంతి సంవత్సరమని పేరు. కావున పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరములు. విశ్వములో ఇట్టి గెలాక్సీలు కోట్లకొలదిగా కలవు. వానిలో చాలవరకు శాంతముగా ఉండును. కొన్నింటి నడిబొడ్డు మాత్రము మిక్కిలి తీక్ష్ణముగా ప్రకాశించును. 1943వ సంవత్సరమున కార్ల్ సీఫర్ట్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు ఇట్టి గెలాక్సీలు ఆరింటిని పరిశీలించి, వాని నడుమ వాయువులు అతివేగముగా కదలుచున్నవని తెలిపెను. ఇట్టివానిని నేడు క్రియాశీల గెలాక్సీలందురు.

ఈ కథలో ముఖ్యమైన ఘట్టము 1962వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో ప్రారంభమయ్యెను. ఆకాశమున ఒక చోటినుండి బలమైన రేడియో తరంగములు వచ్చుచుండెను. కాని అవి సరిగా ఏ చుక్కనుండి వచ్చుచున్నవో తెలియకుండెను. ఆ సంవత్సరము చంద్రుడు ఆ చోటికి అడ్డముగా వచ్చెను. రేడియో తరంగములు ఏ క్షణమున మరుగుపడినవో, ఏ క్షణమున మరల వెలువడినవో సిరిల్ హజార్డ్ అను శాస్త్రజ్ఞుడును, అతని తోడివారును పార్క్స్ రేడియో దూరదర్శినితో గుర్తించిరి. ఆ క్షణమున చంద్రుని అంచు ఎచ్చట నున్నదో లెక్కకట్టుటచే తరంగముల చోటును తెలిసినది. అచ్చట కన్యారాశిలో ఒక చిన్న చుక్క కనబడెను. దాని పేరు 3సి 273. అది చూచుటకు సాధారణ నక్షత్రమువలెనే ఉండెను. కాని 1963వ సంవత్సరమున మార్టిన్ ష్మిట్ దాని వర్ణపటమును పరీక్షించి, అది మన పాలపుంతలోనిది కాదనియు, ఎంతయో దూరమున ఉన్నదనియు తేల్చెను. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 200 కోట్ల సంవత్సరములు పట్టినది. అంత దూరమునుండియు చిన్న దూరదర్శినికి కనబడుచున్నదన్నచో, అది మన పాలపుంత కంటె ఇంచుమించు నూరురెట్లు ఎక్కువగా వెలుగుచున్నదన్నమాట. ఇట్టివానికి క్వేసారులని పేరు వచ్చినది.

క్వేసారు అంత వెలుగుచున్నదన్నచో అది ఎంత పెద్దదో అని అందరును ఆశ్చర్యపడిరి. దానికి సమాధానము ఒక పాత బీరువాలో దొరికెను. అమెరికాలోని హార్వర్డు వేధశాలవారు 1880ల నుండి ఆకాశమును గాజు ఫలకములపై ఛాయాచిత్రములు తీసి భద్రపరచుచు వచ్చిరి. ఆ ఫలకములు ఐదు లక్షలకు పైగా కలవు. 3సి 273 అను పేరు పుట్టకముందే దాని చిత్రము ఎన్నో ఫలకములపై పడియుండెను. 1963వ సంవత్సరమున హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లైట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ ఫలకములను వెదకి చూచిరి. ఆ చుక్క వెలుగు దశాబ్దముల పొడవునను పెరుగుచు, తరుగుచు ఉన్నదని తేలినది. ఆ ఫలకములను తీసినవారికి వాని యీ ఉపయోగము తెలియదు. అయినను వారు ప్రతి ఫలకముపై తేదీని వ్రాసి, పగులకుండ దాచిరి. వారు అట్లు చేయకున్నచో ఆ క్వేసారు గడచిన కాలపు చరిత్ర మరల ఎవరికిని దొరకియుండదు. వెలుగు ఒకసారి వచ్చి పోయినదన్నచో దానిని మరల పిలువజాలము.

ఇట్టి కృషి మన తెలుగునాటను జరిగినది. నవాబు జఫర్ జంగ్ 1901వ సంవత్సరమున హైదరాబాదునందు నిజామియా వేధశాలను స్థాపించెను. తరువాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ప్రపంచమందలి వేధశాలలు ఆకాశమును భాగములుగా పంచుకొని పటము గీయబూనినప్పుడు, హైదరాబాదు వేధశాలయు తన పాలు స్వీకరించి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచెను. అచ్చట పనిచేసిన ఉద్యోగి కుమారుడే మనాలి కల్లాట్ వైను బప్పు. ఇతడు నిజాం కళాశాలలో చదువుకొనెను. విద్యార్థి దశలోనే చరతారల వెలుగును గమనించుట అలవరచుకొనెను. పిమ్మట భారతదేశపు ఖగోళశాస్త్రమునకు మార్గదర్శియై, తమిళనాడులోని కావలూరు వేధశాలను నెలకొల్పెను. అచ్చటి 2.3 మీటర్ల దూరదర్శినికి 1986వ సంవత్సరమున ఇతని పేరు పెట్టిరి.

చరతారయని పొరబడిన గెలాక్సీయు ఒకటి కలదు. 1929వ సంవత్సరమున కూనో హాఫ్మైస్టర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బల్లి అను రాశిలో వెలుగు మారుచున్న ఒక చుక్కను గుర్తించి, చరతారల పట్టికలో చేర్చెను. దానికి బి.ఎల్. లాసెర్టే అని పేరు పెట్టబడినది. నలువది ఏండ్ల వరకు దానిని ఎల్లరును నక్షత్రమనియే భావించిరి. 1968వ సంవత్సరమున రేడియో తరంగములు ఆ చోటినుండియే వచ్చుచున్నవని తెలియగా దానిని మరల పరిశీలించిరి. అది సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునందలి గెలాక్సీ నడిబొడ్డని తరువాత తేలినది.

వెలుగు మారుట వలన పరిమాణము ఎట్లు తెలియును? ఒక ఉదాహరణము చూతము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు వంటి పెద్ద చెరువునకు కిలోమీటరు పొడవు గల కట్ట ఉన్నదనుకొందము. దీపావళినాడు కట్ట పొడవునను మనుష్యులు వరుసగా నిలిచి, గడియారము చూచుకొని, ఒక్క క్షణముననే అందరును తలకొక టపాకాయను ప్రేల్చిరనుకొందము. మీరు కట్టకు ఒక కొనయందున్నారు. మీకు ఒక్కటే మ్రోత వినబడునా? వినబడదు. మీ ప్రక్కనున్నవాని టపాకాయ మ్రోత వెంటనే వినబడును. ఆవలి కొననున్నవాని మ్రోత సుమారు మూడు సెకనుల తరువాత వినబడును, ఏలయన ధ్వని కిలోమీటరు దూరము వచ్చుటకు అంతకాలము పట్టును. కావున మీకు మూడు సెకనులపాటు టపటపమను మ్రోత వినవచ్చును. అట్లుగాక ఠప్పుమని ఒక్కటే మ్రోత వినబడినదనుకొందము. అప్పుడు మీరు కన్నులు మూసికొనియున్నను, టపాకాయలన్నియు ఒక చిన్నచోటనే ప్రేలినవని చెప్పగలరు.

వెలుగు విషయమునందును ఇదియే న్యాయము. ఒక వస్తువు వెలుగు ఒక్క దినములో రెట్టింపైనదన్నచో, దాని వెడల్పు వెలుగు ఒక దినములో పోవు దూరమును మించియుండజాలదు. అంతకంటె పెద్దదైనచో దగ్గరి భాగపు వెలుగు ముందును, దూరపు భాగపు వెలుగు వెనుకను వచ్చి, ఆ మార్పు నెమ్మదిగా సాగియుండును. వెలుగు ఒక దినములో సుమారు 2,600 కోట్ల కిలోమీటర్లు పోవును. ఇది మనకు గొప్ప దూరముగా తోచవచ్చును. కాని లక్ష కాంతి సంవత్సరముల గెలాక్సీతో పోల్చినచో ఇది మూడున్నర కోట్ల వంతులలో ఒక వంతు మాత్రమే. గెలాక్సీ అంతటిని మించి వెలుగునట్టి దీపము ఇంత చిన్నచోట ఇమిడియున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

అంత చిన్నచోట కోట్లకొలది నక్షత్రములు ఇముడజాలవు. మఱి వెలుగునకు కారణమేమి? అచ్చట కృష్ణబిలమొకటి ఉండును. దాని బరువు లక్షలకొలది సూర్యులనుండి వందలకోట్ల సూర్యుల వరకు ఉండును. దాని ఆకర్షణకు లోనై చుట్టునున్న వాయువు సుడిగుండములోని నీటివలె గిరగిర తిరుగుచు లోపలికి పోవును. తిరుగునప్పుడు పొరలొకదానితో నొకటి ఒరసికొని మిక్కిలి వేడెక్కి ప్రకాశించును. సూర్యునిలో హైడ్రోజను హీలియముగా మారునప్పుడు పదార్థములో వేయింట ఏడు వంతులు మాత్రమే శక్తియగును. కృష్ణబిలములో పడబోవు పదార్థమునుండి ఇంచుమించు పదింట ఒక వంతు శక్తియై వెలువడగలదు. ఆహారము ఎక్కువగా పడినప్పుడు వెలుగు హెచ్చును, తక్కువైనప్పుడు తగ్గును. సుడిలో కలిగెడు అలజడులును దానిని మార్చుచుండును. ఎం 87 అను గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలము చుట్టునుండు వెలుగువలయపు చిత్రమును 2019వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు లోకమునకు చూపిరి.

ఇంతవరకు వెలుగు అను మాటను ఒకే వస్తువువలె వాడితిమి. నిజమునకు వెలుగు పెక్కు తెరగులది. వెలుగు అలలవలె పోవును. రెండు అలల నడిమి దూరమునకు తరంగదైర్ఘ్యమని పేరు. మన కంటికి కనబడు వెలుగు తరంగదైర్ఘ్యము మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో నాలుగు మొదలు ఏడు భాగముల వరకు ఉండును. అంతకంటె పొడవైనవి పరారుణ కిరణములు, రేడియో తరంగములు. పొట్టివి అతినీలలోహిత కిరణములు, ఎక్సు కిరణములు, గామా కిరణములు. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱగాను, వేడి హెచ్చినకొలది పసుపుగాను, తెల్లగాను మారుట మీరు చూచియుందురు. అట్లే కృష్ణబిలమునకు చేరువనున్న అతితప్త వాయువు ఎక్సు కిరణములను, దానికి వెలుపలి సుడి అతినీలలోహిత కిరణములను, ఇంకను వెలుపలి భాగము కంటికి కనబడు వెలుగును, మిక్కిలి దూరముననున్న ధూళి పరారుణ కిరణములను పంపును. ఒక ఊరిలో ఒక్కొక్క వీధినుండి ఒక్కొక్క మనిషి వచ్చి తన వీధి వార్త చెప్పినట్లు, ఒక్కొక్క తరంగదైర్ఘ్యము ఒక్కొక్క భాగపు వార్తను తెచ్చుచున్నది.

ఈ వార్తలు ఒక్కసారిగా రావు. మెరుపు మెరిసిన కొంతసేపటికి ఉరుము వినబడును. ఆ మధ్యకాలమును లెక్కించి పిడుగు ఎంత దూరమున పడినదో చెప్పవచ్చును. ఇదే ఉపాయమును శాస్త్రజ్ఞులు ఎన్.జి.సి. 5548 అను గెలాక్సీ విషయమున ప్రయోగించిరి. ఇది స్వాతి నక్షత్రము గల రాశియందున్నది. 1988వ సంవత్సరము డిసెంబరు నుండి 1989వ సంవత్సరము ఆగస్టు వరకు ఒక ఉపగ్రహమును, పెక్కు దేశముల దూరదర్శినులును దానిని విడువక గమనించెను. నడుమనుండి వచ్చు అతినీలలోహిత వెలుగు హెచ్చిన సుమారు ఇరువది దినములకు, చుట్టునున్న వాయుమేఘములలోని హైడ్రోజను వెలుగు హెచ్చెను. అనగా నడిమి వెలుగు ఆ మేఘములను చేరి వానిని వెలిగించుటకు ఇరువది దినములు పట్టెనన్నమాట. మేఘముల దూరము ఇట్లు తెలిసినది. వాని వేగము వర్ణపటము వలన తెలిసినది. దూరమును, వేగమును తెలిసినచో నడుమనున్నదాని బరువును లెక్కింపవచ్చును. అది కోట్లకొలది సూర్యుల బరువని తేలినది. ఎవరును చేరజాలని చోట, త్రాసు లేకయే తూచిరి!

కొన్ని గెలాక్సీల నడుమనుండి పదార్థము రెండు ప్రక్కలకు ధారలుగా, వెలుగు వేగమునకు మిక్కిలి చేరువయైన వేగముతో చిమ్మబడును. ఆ ధార సూటిగా మనవైపు తిరిగియున్నచో దానిని బ్లేజారు అందురు. పైన చెప్పిన బి.ఎల్. లాసెర్టే ఇట్టిదే. సప్తర్షి మండలములో మార్కేరియన్ 421 అను మఱియొక బ్లేజారు కలదు. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 40 కోట్ల సంవత్సరములు పట్టును. భూపాలపల్లి గనులలో మన కార్మికులు త్రవ్వుచున్న బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవులనుండి ఏర్పడినది. ఆ అడవులు మొలకెత్తకముందే బయలుదేరిన వెలుగు నేటికి మన దూరదర్శినిలో పడుచున్నది! అంత ప్రాచీనమైన వెలుగునందును గంటల లెక్క చెడకుండ నిలిచియున్నది. 1996వ సంవత్సరమున ఈ బ్లేజారునుండి వచ్చు గామా కిరణములు ఒక గంటలోపలనే పెరిగి తరుగుట అమెరికాలోని శాస్త్రజ్ఞులు చూచిరి. అయితే ధార మనవైపు పరుగెత్తి వచ్చుచుండుట వలన, అందలి మార్పులు ఉన్నదానికంటె త్వరితముగా జరుగుచున్నట్లు మనకు తోచును. కావున బ్లేజారుల పరిమాణమును లెక్కించునప్పుడు ఈ వేగమును గూడ గణింపవలెను.

ఒక గెలాక్సీని నేడు ఎక్సు కిరణములలోను, వచ్చు మాసమున మామూలు వెలుగులోను చూచినచో ప్రయోజనము స్వల్పము. ఏది ముందు హెచ్చినదో, ఏది వెనుక హెచ్చినదో తెలియదు. అన్ని కిరణములలోను ఒకేసారి చూడవలెను. కాని గాలి ఎక్సు కిరణములను, అతినీలలోహిత కిరణములలో చాలభాగమును క్రిందికి రానీయదు. కావున ఆకాశములోనికి పోక తప్పదు. ఈ పనికై భారతదేశము ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును నిర్మించి, 2015వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి ప్రయోగించినది. అది భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, ఒకే వస్తువును అతినీలలోహిత కిరణములలోను, మృదువైనవియు, కఠినమైనవియునగు ఎక్సు కిరణములలోను ఏకకాలమున చూచునట్లు ఏర్పాటు చేయబడినది. ఐదేండ్లు పనిచేయవలెనని నిర్మింపబడిన ఆ ఉపగ్రహము ఆ గడువు దాటియు పనిచేసి, పెక్కు క్రియాశీల గెలాక్సీల హెచ్చుతగ్గులను నమోదు చేసినది.

గామా కిరణములకై లడఖ్‌లోని హాన్లే అనుచోట, 4,200 మీటర్లకు మించిన ఎత్తున, 21 మీటర్ల అద్దములు గల మేస్ అను దూరదర్శినిని నిలిపిరి. భాభా అణు పరిశోధన కేంద్రమువారు దీనిని హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ తోడ్పాటుతో నిర్మించిరి. 2024వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఇది ప్రారంభింపబడినది. గామా కిరణము గాలిలో పడినప్పుడు నీలివన్నె గల మెరుపొకటి పుట్టును. అది సెకనులో కోటి వంతు కూడ నిలువదు. మేస్ ఆ మెరుపును పట్టుకొనును. శ్రీహరికోట నుండి ఎగసిన కన్ను ఒకటి, హైదరాబాదు చేతులు తోడుపడి చేసిన కన్ను మఱియొకటి! రాత్రివేళ మాత్రమే చూడగల భూమిమీది దూరదర్శినులకు మఱియొక ఏర్పాటు కావలెను. మనకు తెల్లవారునప్పుడు అమెరికాలో రాత్రి అగుచుండును. ఇచ్చటివారు విడిచిన చోటినుండి అచ్చటివారు గమనింతురు. ఒకే దేశమువారు ఈ పనిని ముగింపజాలరు.

బాలలారా! క్రియాశీల గెలాక్సీలను కేవలము కంటితో చూచుటకు వీలులేదు. కాని వెలుగును కొలుచు విద్యను మీరు నేడే ఆరంభింపవచ్చును. చలికాలమున గొఱ్ఱుకొయ్యలకు చేరువగా ఎఱ్ఱని ఆర్ద్రా నక్షత్రము కనబడును. దానిని రోహిణితోను, పునర్వసులోని పెద్ద చుక్కతోను పోల్చి, దేనికంటె ఎక్కువగా, దేనికంటె తక్కువగా వెలుగుచున్నదో వారమునకొకసారి తేదీతోకూడ ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. 2019వ సంవత్సరాంతము నుండి 2020వ సంవత్సరారంభము వరకు ఈ ఆర్ద్ర వెలుగు సగమునకంటె తక్కువకు తగ్గిపోగా, అట్లు కేవలము కంటితో చూచువారు సైతము దానిని గుర్తించిరి. మబ్బు పట్టిన రాత్రి మబ్బు పట్టినదనియే వ్రాయుడు. చూడనిదానిని చూచినట్లు వ్రాయకుడు. ఒక్క రాత్రి వ్రాతకు విలువ కనబడకపోవచ్చును. పదేండ్ల వ్రాతలు చేరిననాడు, వానిని ఇప్పుడు వ్రాయుచున్న మీకే తెలియని ప్రశ్నకు అవి సమాధానము చెప్పవచ్చును. హార్వర్డు గాజు ఫలకములు అట్లే కదా చెప్పినవి!

ప్రశ్నలు

1. నక్షత్రములు మిణుకుమనుటకును, చరతార వెలుగు మారుటకును గల భేదమేమి?
2. చెరువుకట్ట ఉదాహరణము వలన మీరు గ్రహించినదేమి? దానిని గెలాక్సీల నడిమి వెలుగునకు అన్వయించి వ్రాయుడు.
3. ఎన్.జి.సి. 5548 నడుమనున్నదాని బరువును శాస్త్రజ్ఞులు ఎట్లు తెలిసికొనిరి?
4. ఒకే గెలాక్సీని పెక్కు తరంగదైర్ఘ్యములలో ఒకేసారి చూడవలసిన అవసరమేమి? అందులకు మన దేశమువారు చేసిన కృషిని వివరింపుడు.